పాత టవర్ స్పీకర్లు కొన్నాను: ఊఫర్ ఫోమ్ పొడైపోయింది, ఒక ట్వీటర్ పలకడం లేదు. బాగు చేసుకోవాలా, మార్చేయాలా?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. దామన్‌జోడిలో క్వార్టర్స్ ఖాళీ చేసి సొంతూరు వెళ్లిపోతున్న ఒక పెద్దాయన దగ్గర టవర్ స్పీకర్ల జత కొన్నాను. నాలుగున్నర వేలు పడింది, బొలెరో బాడుగ వేరే. నిలబెడితే నా ఛాతీ దాకా వస్తాయి, ఒక్కోటి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. వెనక స్టిక్కరు మీద అక్షరాలు చెరిగిపోయాయి కాబట్టి కంపెనీ, మోడలు అడగొద్దు, నాకూ తెలీదు. త్రీ వే అని మాత్రం అర్థమవుతోంది. కింద బేస్ పలికే 8 అంగుళాల ఊఫర్, దాని పైన మధ్య స్వరాలకి చిన్న మిడ్, అన్నిటికన్నా పైన సన్న స్వరాలకి గుడ్డ డోమ్ ట్వీటర్, వెనక కింది భాగంలో గాలి వచ్చిపోయే పోర్టు గొట్టం.

ఇంటికొచ్చి ముందున్న గుడ్డ జాలీ తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. రెండు ఊఫర్లకీ కోన్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు పెడితే చాలు రాలిపోతోంది, కొన్ని చోట్ల పొడిలా, కొన్ని చోట్ల నల్లటి జిగురులా వేలికి అంటుకుంటోంది. కోన్ మాత్రం పేపర్ కోన్, ఎక్కడా చిరగలేదు. ఎడమ స్పీకర్లో ట్వీటర్ అస్సలు పలకడం లేదు. కుడి దాంట్లో పలుకుతోంది గానీ దాని డోమ్ ఎవరో పిల్లాడు వేలుతో నొక్కినట్టు లోపలికి పోయింది. ఇక పెట్టెల అడుగు భాగం తడికి ఉబ్బి బిస్కెట్ చెక్క పొరలు విడిపోతున్నాయి, వెనక టెర్మినళ్లు తుప్పు.

ఊళ్లో ఒక షాపుకి ఒక ఊఫర్ విప్పి తీసుకెళ్లాను. ఆయన దాన్ని సరిగ్గా చేతిలోకి కూడా తీసుకోకుండా "ఖరాప్ హోయిగలా" (పాడైపోయింది) అనేసి, ఇవి పారేసి కొత్తవి 200 వాట్లవి వేసుకో, ఒక్కోటి పన్నెండు వందలు, లేదంటే కోన్, కాయిల్ అన్నీ మార్చి రీకోన్ చేస్తాను అన్నాడు. ఏం చేయమంటారు? యాంప్లిఫైయర్ నా దగ్గరున్నది ఫ్రెండ్ కట్టిచ్చిన 7294 ఐసీ స్టీరియో బోర్డు. సోల్డరింగ్ ఓ మాదిరిగా వచ్చు, మల్టీమీటర్ ఉంది, ఓపిక ఉంది. డబ్బులే ఎక్కువ లేవు.

సోల్డరింగ్_ఐరన్ (బరంపురం)

తమ్ముడూ, ముందు ఆ ఊఫర్లని ఎవరికీ ఇవ్వకు. ఫోమ్ పోయిందంటే ఊఫర్ పోయినట్టు కాదు. ఫోమ్ రింగు పాలియురేథేన్, తేమకీ ఎండకీ పదిహేను ఇరవై ఏళ్లలో దానంతట అదే విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా. పెట్టెలో సీలు తీయకుండా దాచిన ఊఫర్లకి కూడా పోతుంది. మన వైపు ఆర్నెల్లు గోడలే చెమర్చుతుంటాయి, ఇక ఫోమ్ సంగతి చెప్పాలా. రబ్బరు రింగు ఉన్నవైతే ఇంత తొందరగా పోవు.

ఊఫర్‌లో ప్రాణం ఉండేది కోన్ వెనక అయస్కాంతం సందులో ఊగే రాగి తీగ చుట్టలో, అదే కాయిల్‌లో. దాన్ని చూడు ముందు. వైర్లు రెండూ విప్పేసి మల్టీమీటర్‌ని 200 ఓమ్స్ రేంజిలో పెట్టి టెర్మినళ్ల మీద పట్టుకో. 8 ఓమ్స్ అని రాసున్న ఊఫర్ మీటర్లో 8 చూపించదు, ఐదున్నర నుంచి ఏడు లోపల చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే, ఎందుకంటే రాసుండేది ఏసీ ఇంపీడెన్స్, మీటర్ చూపేది డీసీ. 4 ఓమ్స్ దైతే మూడు, మూడున్నర. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది, అప్పుడు రీకోన్ మాట ఆలోచించొచ్చు. తర్వాత రెండు చేతుల వేళ్లూ కోన్ మీద అటూ ఇటూ సమానంగా పెట్టి మెల్లగా లోపలికి నొక్కి వదులు, చెవి దగ్గర పెట్టుకుని. గీరుకున్న చప్పుడు రాకూడదు. ఫోమ్ లేదు కాబట్టి కోన్ కాస్త పక్కకి వాలి గీరుకోవచ్చు, అప్పుడు వేళ్లతో మధ్యకి సర్ది మళ్లీ నొక్కు. మధ్యలో ఉన్నప్పుడు నున్నగా కదిలితే చాలు. అది తేలేదాకా వాటిని మోగించొద్దు, రింగు లేని కోన్ ఊగి ఊగి కాయిల్ అయస్కాంతం సందులో రాసుకుని నిజంగానే పోతుంది.

ట్వీటర్‌కి ఇంకా తేలిక పరీక్ష ఉంది. పలికే ట్వీటర్ తీసి పలకని పెట్టెలో పెట్టు, పలకనిది ఇటు పెట్టు. ట్వీటర్‌తో పాటు మౌనం కూడా పెట్టె మారితే తప్పు ట్వీటర్‌ది. మౌనం పాత పెట్టెలోనే ఉండిపోతే తప్పు లోపల పాటని ఊఫర్, మిడ్, ట్వీటర్లకి పంచే బోర్డు, అంటే క్రాసోవర్‌ది, వైరుది. ఒక్క మాట, విప్పేటప్పుడు ఏ రంగు వైరు ఏ కాలికి ఉందో ఫోన్లో ఫోటో తీసుకో. స్క్రూడ్రైవర్‌తో జాగ్రత్త, ఊఫర్ అయస్కాంతం దాన్ని చేతిలోంచి లాక్కుంటుంది, కోన్‌లో చిల్లు పడుతుంది.

సిరొంచ_సౌండ్ (సిరొంచ, గడ్చిరోలి)

పైన అన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆ 200 వాట్ల ఊఫర్ల గురించి నేనొక మాట చెప్తా, మేం పెళ్లిళ్లకి సెట్లు కడతాం కాబట్టి అలాంటివి రోజూ చూస్తుంటాం. వాట్లు అని వెనక అచ్చేసేది కాయిల్ ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే అంకె, అదీ నిజమైతే. అది ఆ పెట్టెకి సరిపోతుందా లేదా అన్నది వేరే లెక్క. మీ పెట్టె లోపలి ఘనపరిమాణం, పోర్టు గొట్టం పొడవు, వెడల్పు, ఇవన్నీ ఆ పాత ఊఫర్‌ని బట్టి కంపెనీ వాళ్లు లెక్కగట్టి పెట్టినవి. కోన్ సహజంగా ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతుంది, సస్పెన్షన్ ఎంత బిగువు, అయస్కాంతం దాన్ని ఎంత గట్టిగా పట్టి ఆపుతుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. వేరే ఊఫర్ పెడితే సౌండ్ వస్తుంది, రాదని కాదు. కానీ ఒకే నోటు దగ్గర డుమ్ డుమ్ అని పొంగడం, మిగతా చోట బేస్ లేకపోవడం, ఇదే ఎక్కువగా జరిగేది.

ఇంకోటి సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది. పాత ఊఫర్ 88 డీబీ అనుకోండి, కొత్తది 91 అనుకోండి, 3 డీబీ తేడా అంటే అదే సౌండ్‌కి సగం పవర్ చాలన్నమాట. అప్పుడు ఊఫర్ అరుస్తుంటుంది, మిడ్, ట్వీటర్ ఎక్కడో వెనక గొణుగుతుంటాయి, క్రాసోవర్ పాత ఊఫర్‌కి తూచి కట్టింది కాబట్టి. డీజే కోసం వేరు, ఇంట్లో కూర్చుని ఘంటసాల వినడానికి వేరు.

రీకోన్ కూడా వద్దనే అంటాను, కాయిల్ బాగుంటే. మార్కెట్లో దొరికే రెడీమేడ్ కోన్ బరువు వేరు, కాయిల్ చుట్లు వేరు. అదయ్యాక మీ దగ్గర మిగిలేది పాత అయస్కాంతం, పాత ఫ్రేము మాత్రమే.

పాత_రేడియో (గుణుపురం)

అందరూ ఊఫర్ దగ్గరే ఆగిపోయారు. క్రాసోవర్‌లో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మొత్తం మార్చేయండి బాబూ, కళ్లు మూసుకుని. ఇన్నేళ్ల కెపాసిటర్లు లోపల ఎండిపోయి ఉంటాయి, వాటిని నమ్ముకుని ఫోమ్ వేసుకున్నా సౌండ్ మసకగానే ఉంటుంది. మంచి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే జీవితంలో మళ్లీ మార్చే పని లేదు. నేను రిటైరయ్యాక ఇదే పనిగా పెట్టుకున్నాను, ప్రతి పాత స్పీకర్‌లోనూ ముందు ఇవే తీసేస్తాను.

ఫోమ్ రింగులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. పిన్‌కోడ్ కొట్టి చూసుకోండి, మా గుణుపురానికి కొందరు పంపరు, మేం పాతపట్నంలో చుట్టాల అడ్రసు ఇచ్చి తెప్పించుకుని రైల్లో తెచ్చుకుంటాం. నౌపడా లైను నేరోగేజిగా ఉన్న రోజుల్లో అయితే అదొక తీర్థయాత్ర, ఇప్పుడు నయం.

సోల్డరింగ్_ఐరన్ (బరంపురం)

మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒక మాట. కళ్లు మూసుకుని మార్చడం నాకు నచ్చదు. కెపాసిటర్ ఒక కాలు సోల్డర్ నుంచి లేపి మీటర్‌తో చూస్తే రెండు నిమిషాల పని. 4.7 మైక్రోఫారడ్ అని ఉన్నది 4.5 చూపించిందా, 6 చూపించిందా అన్నదాన్ని బట్టి నిర్ణయం. ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) చూసే మీటర్ ఉంటే ఇంకా మంచిది. మంచిగా ఉన్నవాటిని ఎందుకు పీకడం? పైగా ఎలక్ట్రోలైటిక్‌లో సహజంగా కొద్దిగా రెసిస్టెన్స్ ఉంటుంది, ఫిల్మ్‌లో అది దాదాపు ఉండదు, కాబట్టి ట్వీటర్ దారిలో నేరుగా ఫిల్మ్ వేస్తే ట్వీటర్ కాస్త ముందుకొచ్చి గుచ్చుకుంటుంది కొన్నింట్లో. అప్పుడు వరసలో అర ఓమో, ఒక ఓమో వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టాల్సి వస్తుంది.

తమ్ముడికి చెప్పేది, ఒకవేళ మార్చాల్సి వస్తే మామూలు రేడియోలో వాడే ప్లస్ మైనస్ ఉండే కెపాసిటర్ వేయొద్దు, అక్కడ నడిచేది ఏసీ. నాన్ పోలార్ లేదా బైపోలార్ అని అడుగు, 100 వోల్టులది తీసుకో. రాగి చుట్టల కాయిళ్లు, తెల్ల సిమెంటు రెసిస్టర్లు మామూలుగా పోవు, వాటి సోల్డర్ పగుళ్లు మాత్రం చూడు.

రాయగడ_అక్క (రాయగడ)

మాది ఫర్నిచర్ వర్క్‌షాపు, స్పీకర్ల గురించి నాకు తెలిసింది తక్కువ, చెక్క గురించి ఎక్కువ. తమ్ముడూ, ఆ అడుగు ఉబ్బడానికి కారణం తడిగుడ్డ. రోజూ ఇల్లు తుడిచేటప్పుడు పెట్టె అంచుకి నీళ్లు తగులుతూ ఉంటాయి, పార్టికిల్ బోర్డు ఆ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండినా మళ్లీ పాత మందానికి రాదు. పూర్తిగా పిండిలా అయిన భాగాన్ని గీకి తీసేయడమే. పొరలు విడిపోయి ఇంకా గట్టిగా ఉన్న చోట మాత్రం ముందు బాగా ఆరనిచ్చి (నెల అయినా పరవాలేదు, తడి మీద జిగురు పట్టదు), తెల్ల ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి పల్చగా చేసి సిరంజితో పొరల మధ్యకి ఎక్కించు. రెండు పక్కలా చెక్క ముక్కలు ఆనించి, మధ్యలో పాలిథీన్ కవర్ పెట్టి, సి-క్లాంపుతో బిగించు. కవర్ మర్చిపోతే క్లాంపు చెక్క కూడా పెట్టెకే అతుక్కుపోతుంది. పోయిన మూలలకి రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద పెట్టి, ఆరాక సాండ్‌పేపర్ కొట్టు.

ఆ తర్వాత అడుగున 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క పెట్టెకంటే అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కోయించి స్క్రూలతో బిగించు, దాని కింద రబ్బరు బుష్‌లు. అలా చేస్తే నేలకి తగలదు, పిల్లలు తోసినా పడిపోదు. వాటర్‌ప్రూఫ్ ప్లైనే అడిగి తీసుకో. బయట షీట్ లేచిపోయిన చోట చిరిగిన ముక్కలు పీకేయకు, ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీద పాత గుడ్డ అడ్డం పెట్టి రుద్దితే కొన్నిసార్లు పాత జిగురు కరిగి మళ్లీ పడుకుంటుంది. వినైల్ అయితే మాత్రం వేడి తగిలిస్తే ముడుచుకుపోతుంది, ముందు కనపడని మూల చూసి చెయ్యి. చెద ఉందేమో కూడా చూడు. ఉంటే ముందు స్పీకర్లన్నీ బయటికి తీసి ఖాళీ పెట్టెకే మందు కొట్టాలి, కోన్ మీద పడనీయకు.

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. అన్నీ విప్పి చూశాను, ఇవిగో రిపోర్టులు.

ఊఫర్లు ఒకటి 5.8, ఒకటి 5.9 ఓమ్స్. మధ్యకి సర్ది నొక్కితే రెండూ నున్నగా కదులుతున్నాయి, గీరడం లేదు. మిడ్‌లు రెండూ బాగున్నాయి, వాటికి రబ్బరు రింగు.

ట్వీటర్లు మార్చి పెట్టి చూస్తే పలకని ట్వీటర్ కుడి పెట్టెలో శుభ్రంగా పలికింది! ఎడమ పెట్టెలో ఏది పెట్టినా మౌనమే. అయితే లోపలే ఏదో ఉందని ఊఫర్ తీసిన కంతలోంచి టార్చి వేసి చూస్తే లోపల దూదిలో ఎలుక గూడు. పోర్టు గొట్టంలోంచి దూరినట్టుంది. చిరిగిన న్యూస్‌పేపర్ ముక్కలు, వరి పొట్టు, దూదంతా ఒక మూలకి లాగి ఉండ చేసుకుంది, ట్వీటర్‌కి వెళ్లే రెండు వైర్లలో ఒకటి సగంలో కొరికి తెంపేసింది, కొస దగ్గర రాగి పోగులు పచ్చగా తుప్పెక్కి ఉన్నాయి. క్రాసోవర్ బోర్డు మీద కూడా మరకలున్నాయి. వాసన మాత్రం అడక్కండి, మా అమ్మ పెట్టెని వరండాలోకి గెంటించింది.

అంటే ట్వీటర్‌కి డబ్బులు పెట్టక్కర్లేదన్నమాట. కెపాసిటర్లు ఇంకా చూడలేదు. ఫోమ్ ఎలా వేయాలో, ఏ సైజు తెప్పించాలో చెప్పండి. ఆ లోపలికి పోయిన డోమ్ సంగతి కూడా.

సోల్డరింగ్_ఐరన్ (బరంపురం)

శుభం! ఆ షాపాయన మాట వినుంటే ఆ ఎలుక అలాగే ఉండేది, కొత్త ఊఫర్లు వచ్చేవి.

ముందు శుభ్రం. మాస్కు వేసుకో, గ్లవ్స్ వేసుకో, ఆ దూది మొత్తం తీసి పారెయ్, ఎలుక మూత్రం పట్టిన దూది మళ్లీ వాడొద్దు. అది పసుపు రంగు గ్లాస్‌వూల్ అయితే దుమ్ము పీల్చకు. కొత్తగా దిండ్లలో వాడే పాలియెస్టర్ ఫైబర్ అంతే మోతాదులో, రెండు పెట్టెల్లోనూ సమానంగా పెట్టు, పోర్టు గొట్టం లోపలి మూతికి మాత్రం అడ్డం రాకూడదు. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో కడుగు. తెగిన వైరు ముక్క అతికించకుండా మొత్తం మార్చెయ్, పచ్చదనం లోపలికి పాకి ఉంటుంది, దాని మీద సోల్డర్ పట్టదు. మరకలు పడ్డ బోర్డు కాబట్టి ఈసారి మాస్టారి మాట వింటాను, ఎడమ దాని కెపాసిటర్లు చూడకుండా వదలొద్దు. మారిస్తే రెండు బోర్డుల మీదా ఒకే రకం మార్చు, ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా ఉండకూడదు.

ఇక ఫోమ్ సైజు. 8 అంగుళాలు అని ఆర్డర్ పెడితే ఏదో ఒకటి వస్తుంది, సరిపోదు. స్కేలుతో మిల్లీమీటర్లలో నాలుగు కొలతలు తీసుకో: ఫ్రేము మీద ఫోమ్ అంటుకున్న చోటు బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మధ్యలో ఉబ్బెత్తు రోల్ వెడల్పు, కోన్ బయటి వ్యాసం. పాత ఫోమ్ కోన్ పైన అంటించి ఉందా కింద అంటించి ఉందా అదీ చూడు. కోన్‌కి అంటుకునే అంచు ఏటవాలుగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్నది కూడా అమ్మేవాళ్లు అడుగుతారు.

పాత ఫోమ్ తీయడమే సగం పని. పైన ఫోమ్ నుజ్జు వేలితోనే వచ్చేస్తుంది, కింద గోధుమరంగు జిగురు మిగులుతుంది. ఫ్రేము మీద బ్లేడుతో గీకొచ్చు. కోన్ మీద మాత్రం ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్‌లో ముంచి ఒక రెండంగుళాల మేర తడిపి, కాసేపాగి, ప్లాస్టిక్ కార్డు అంచుతో లోపలి నుంచి బయటికి నెట్టు, అలా చుట్టూ. థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వకు, పేపర్ మీది పూత పోతుంది, అది కాయిల్ వైపు జారితే అక్కడి జిగురు కూడా కరుగుతుంది. ఈ పని చేస్తున్నంతసేపూ ఊఫర్‌ని బోర్లించి గానీ నిలువుగా గానీ పట్టుకో, నుజ్జు కాయిల్ సందులో పడకూడదు.

పేపర్ కోన్ అన్నావు కాబట్టి తెల్ల ఫెవికాల్ సరిపోతుంది, మెల్లగా ఆరుతుంది, సర్దుకోవడానికి టైం ఇస్తుంది. ప్లాస్టిక్ కోన్ అయితే అది పట్టదు, రబ్బరు రకం గమ్ కావాలి. ఫెవిక్విక్ మాత్రం ఎక్కడా వాడొద్దు, గాజులా గట్టిపడి పగులుతుంది. మొదట కోన్‌కి మాత్రమే ఫోమ్ అంటించి ఒక రాత్రి వదిలెయ్. మర్నాడు ఫ్రేము వైపు. ఇక్కడే అందరూ తప్పు చేసేది, కోన్ వెంట్రుకవాసి పక్కకి జరిగి ఆరిపోయిందంటే కాయిల్ జీవితాంతం రాసుకుంటూనే ఉంటుంది. దానికి రెండు దార్లున్నాయి. ఒకటి, కోన్ మధ్యలో ఉండే గుండ్రటి మూత, అంటే డస్ట్ క్యాప్, కోసి తీసి కాయిల్ చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్మ్ సన్నటి పట్టీలు నాలుగు వైపులా దోపి, ఆరాక తీసి, క్యాప్ మళ్లీ అంటించడం. రెండోది, క్యాప్ ముట్టుకోకుండా, ఫ్రేము మీద గమ్ తడిగా ఉండగానే ఫోన్లో టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ పెట్టి యాంప్ వాల్యూమ్ తక్కువలో ఊఫర్‌కి ఇవ్వడం. కోన్ మూడు నాలుగు మిల్లీమీటర్లు ఊగుతుంది, వేలితో ఫోమ్‌ని అటూ ఇటూ జరుపుతూ, ఏ మూలా గీరుడు వినపడని చోట ఆపి చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టెయ్. పాత ఫోమ్ పోయినా లోపల కాయిల్‌ని మధ్యలో పట్టి ఉంచే పసుపు రంగు ముడతల గుడ్డ, అంటే స్పైడర్, బాగుంటే నాకు రెండోదే ఇష్టం, ఎందుకంటే క్యాప్ కోస్తే ఎంత నీటుగా అంటించినా ఆ గీత కనిపిస్తుంది.

డోమ్‌కి: సెల్లోటేపు వెనక్కి చుట్టి జిగురు వైపు మెల్లగా ఆనించి లాగు, గుడ్డ డోమ్ కాబట్టి చాలాసార్లు బయటికి వచ్చేస్తుంది. సూది పెట్టి గుచ్చకు. రాకపోయినా కొంపలు మునగవు, పలుకుతోంది కదా.

సిరొంచ_సౌండ్ (సిరొంచ, గడ్చిరోలి)

ఒకటి కలుపుతాను. అన్నీ బిగించేముందు ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్‌తో ఊఫర్లకి ఫేజ్ చూడండి. సెల్ ప్లస్‌ని ఎర్ర గుర్తున్న కాలికి, మైనస్‌ని ఇంకోదానికి ఒక్క క్షణం తాకిస్తే కోన్ ముందుకి రావాలి, రెండు ఊఫర్లదీ ముందుకే. ఒకటి ముందుకి ఒకటి వెనక్కి వెళ్తే రెండు స్పీకర్ల బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది, ఎంత పెంచినా పలచగానే ఉంటుంది. ట్వీటర్‌కి సెల్ పెట్టొద్దు, దాని కాయిల్ చాలా సన్నం.

ఊఫర్ పెట్టెకి ఆనే చోట పాత గాస్కెట్ పోతే ఫోమ్ టేపు వేయండి, గాలి లీకైతే పోర్టు సరిగ్గా పనిచేయదు. ఎలుక మళ్లీ రాకుండా పోర్టుకి దోమతెర కొట్టేయకండి, సన్నటి జాలీ గాలికి అడ్డం పడి చప్పుడు చేస్తుంది. వాడనప్పుడు గొట్టంలో ఒక గుడ్డ ఉండ దోపండి, పాటలు పెట్టేటప్పుడు తీసేయండి. మా దగ్గర ఎండాకాలం గోదావరి ఇసుకంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అందరం అదే చేస్తాం.

పాత_రేడియో (గుణుపురం)

ఎలుక నా పక్షాన వాదించింది, సంతోషం. కెపాసిటర్లు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఎవరైనా వెళ్తుంటే చెప్పి తెప్పించుకోండి. విలువలు చీటీ మీద రాసివ్వండి, నోటితో చెబితే 4.7 బదులు 47 ఇస్తారు. ఇంకో సంగతి, మీ 7294 బోర్డు గురించి ఎవరూ అడగలేదు. దాంట్లో ప్లస్, మైనస్ రెండు సప్లైలు ఉంటాయి, అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉండదు. 4440 ఐసీ స్టీరియో సెట్లలో అయితే అవుట్‌పుట్ కెపాసిటర్ డీసీని ఆపేది. మీదాంట్లో ఆపేవాళ్లెవరూ లేరు. స్పీకర్లు తగిలించకుండా యాంప్ ఆన్ చేసి, ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా, మీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి రెండు అవుట్‌పుట్‌ల దగ్గరా చూసి చెప్పండి. ఆ 30 హెర్ట్జ్ పరీక్ష కూడా దాంతోనే చేస్తారు కదా.

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి)

మాస్టారూ, చూశాను. కుడి ఛానల్ 18 మిల్లీవోల్టులు. ఎడమ ఛానల్ 2.3 వోల్టులు!! మీటర్ తప్పేమోనని ఫ్రెండ్ మీటర్‌తో కూడా చూశాను, అదే చూపిస్తోంది. పాత చిన్న స్పీకర్ ఒకటి తగిలిస్తే స్విచ్ వేయగానే కోన్ ముందుకొచ్చి అక్కడే ఉండిపోతోంది. ఫోమ్ ఆర్డర్ పెట్టేశాను, రావడానికి వారం పడుతుంది. ఈ లోపల ఏం చేయాలి?

సోల్డరింగ్_ఐరన్ (బరంపురం)

ఆ చిన్న స్పీకర్ కూడా తీసెయ్ ముందు. 18 మిల్లీవోల్టులు పట్టించుకోవాల్సింది కాదు. 2.3 వోల్టులంటే నీ 5.8 ఓమ్స్ ఊఫర్ లోంచి పాట లేకపోయినా దాదాపు 0.4 ఆంపియర్లు ఆగకుండా పోతుంటాయి, ఒక వాటుకి కొంచెం తక్కువ వేడి. దాంతో ఇవాళే కాలిపోదు గానీ కోన్ ఒక పక్కకి జరిగి కూర్చుంటుంది, బేస్ రాగానే కొట్టుకుంటుంది, ఐసీ షార్టయితే సప్లై మొత్తం కాయిల్ మీదే పడుతుంది.

ముందు ఆ ఛానల్‌లో ఫీడ్‌బ్యాక్ దారిలో (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్‌కి తెచ్చే దారి) ఉండే 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ చూడు. అది షార్టయినా, తిరగేసి వేసి లీకవుతున్నా, ఐసీ లోపలి చిన్న తేడాని ముప్పై రెట్లు చేసి అవుట్‌పుట్‌లో పెడుతుంది. తర్వాత ఇన్‌పుట్ కెపాసిటర్, తర్వాత ఎడమ ఐసీకి ప్లస్, మైనస్ సప్లైలు రెండూ సమానంగా అందుతున్నాయా. ఇవన్నీ బాగుంటే ఐసీయే మార్చు. మార్చేటప్పుడు ఐసీ వెనక మైకా షీటు మర్చిపోవద్దు, 7294 వీపు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, హీట్‌సింక్ బాడీకి తగిలితే టపాసే. అదయ్యాక రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు ఒకటి మధ్యలో పెట్టు, డీసీ రాగానే స్పీకర్‌ని కట్ చేస్తుంది. ఫోమ్ వచ్చినా సరే, ఎడమ ఛానల్ సరయ్యేదాకా 30 హెర్ట్జ్ పని రెండు ఊఫర్లకీ కుడి ఛానల్ మీదే కానివ్వు. 22 మైక్రోఫారడ్‌ది తీశాక రీడింగ్ ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టు.